పెదనాన్న కాలు పట్టని బూట్లు

మా పెదనాన్నకు తాగుడు లేదు, పేకాట లేదు. ఒక్కటే వ్యసనం. ఎవరి కొత్త బూట్లయినా సరే, ముందు తను తొడుక్కోవాలి.

ఆయన నీటి పైపులు బాగుచేసే మా గ్యాంగుకు మేస్త్రీ. వానలకు ముందు మా అందరికీ రబ్బరు బూట్లు ఎంచి తెచ్చే పని ఆయనదే. ఆ ఎంపిక పెళ్లిసంబంధం చూసినట్టుండేది. అడుగును వంచి పగుళ్లు వెతికేవాడు. అతుకుల వెంట గోరు పెట్టి గీకేవాడు. చివరకు కొట్లోనే బూటు నిండా నీళ్లు పోసి, పాత పేపరు మీద నిలబెట్టి, ఎదురుగా స్టూలేసుకుని కూర్చునేవాడు. పేపరు తడిస్తే ఆ జత గోవిందా. లోపలి మెత్త పాడైపోతుందని కొట్టాయన ఒకసారి లబోదిబోమంటే, రేపు పైపు గుంటలో తడిసేది మెత్త కాదు, మావాళ్ల కాళ్లు అన్నాడు. పెదనాన్న వీధి మలుపులో కనిపిస్తే చాలు, పొద్దున్నే అయినా సరే, కొట్టాయనకు భోజనం వేళయ్యేది.

అంతవరకూ బాగానే ఉండేది. తెచ్చాకే అసలు కథ. బూట్లు మా చేతికిచ్చేవాడు కాదు. ఒక్కో జతా రెండు మూడు రోజులు తనే తొడుక్కుని పనిలో తిరిగేవాడు. వెల్డరు బూట్లు ఆయనకు పడవలంత. మేజోళ్ల మీద మేజోళ్లు వేసి వాటిని నింపేవాడు. నావేమో ఇరుకు, పళ్లు బిగబట్టి కుంటుతూ, హాయిగా ఉన్నాయని చెప్పేవాడు. ఈలోగా మేం చిల్లుల బూట్లలో బురద నింపుకుని ఆయన్ని తిట్టుకునేవాళ్లం. నిత్య పెళ్లికొడుకని పేరు పెట్టింది వెల్డరే. మా బూట్లు మాకిమ్మని ఎవరడిగినా ఒకటే జవాబు.

"ఇంకా పరీక్ష అవలేదు."

నీళ్ల పరీక్ష కొట్లోనే అయిందిగా అని వెల్డరు వాదించేవాడు. గోడకు చెప్పినట్టే. ముసలితనంలో కొత్త బూట్ల మోజు ముదిరిందని మేమంతా తేల్చేశాం.

ఈ ఏడు మా గ్యాంగులో కొత్తగా ఒక ఫిట్టరమ్మాయి చేరింది. పని బాగా వచ్చు, మాటే రాదు. స్పానరు వేలి మీద పడినా పర్లేదండీ అనే రకం. ఆమెది చిన్న పాదం. పెదనాన్న కొట్లన్నీ తిరిగి ఆమె సైజు జత ఒకటి పట్టుకొచ్చాడు గానీ, అందులో ఆయన కాలు సగం కూడా దూరలేదు. వానలు మొదలైపోయాయి. సోమవారం ఆమె గుంటలో దిగాలి. నిత్య పెళ్లికొడుక్కి ఈసారి సంబంధం కుదర్లేదని మేం పడీపడీ నవ్వుకున్నాం.

ఆదివారం సాయంత్రం పెదనాన్నవాళ్లింటికి వెళ్లాను. హాల్లో పెదనాన్న పసిపిల్లాడిలా పాకుతున్నాడు. బూట్లు చేతులకున్నాయి. గోడ దాకా పోయి, వెనక్కి తిరిగి, ఆయాసపడుతూ నన్ను చూశాడు.

"కాలు పట్టట్లేదురా," అన్నాడు. "మడమ దగ్గర కొరికేదీ లేనిదీ చేతికేం తెలుస్తుంది?"

నాకు నవ్వాగలేదు. వంటింట్లోంచి వచ్చిన పెద్దమ్మ, నవ్వింది చాలు, ఆయన కాళ్లు చూడమంది. మడమల నిండా కాయలు, వాటి మీద పొక్కులు, పొక్కుల మీద పట్టీలు. మా అందరినీ కరవాల్సిన బూట్లన్నీ ఆయన్ని కరిచాయి.

సంగతి పెద్దమ్మే చెప్పింది. మేస్త్రీ అయిన కొత్తలో ఆయన చుక్క నీరు దూరని బూట్లు ఎంచి తెచ్చాడట. అప్పటి ఫిట్టరుకు షుగరు. లోపలి అతుకు అతని మడమను ఒరిపి పుండు చేసింది. కొత్త మేస్త్రీ అంత మనసుపడి తెచ్చాక వంక పెడితే ఏం బాగుంటుందని అతను నోరెత్తలేదు. తెలిసేసరికి ముదిరిపోయింది. పాదం తీసేశారు.

పెదనాన్న చేతులకున్న బూట్లు ఇంకా తీయలేదు.

"నీళ్లు లోపలికి రాకూడదనే చూశాను. లోపలుండే కాలిని చూడలేదు," అన్నాడు. "వాడు కనబడినప్పుడల్లా నవ్వుతూ పలకరిస్తాడు. ఒక్కసారి తిట్టినా బాగుండేది. ఈ పిల్లా అంతేరా, నొప్పని చెప్పదు."

నాకు చాలా బాధేసింది. ఎన్ని జతలు తొడుక్కుంటే మాత్రం ఆ పాదం తిరిగొస్తుంది?

పెద్దమ్మ చేతులు తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. ఆ బూట్లు ఇటివ్వమని కాళ్లు చాపింది. అతికినట్టు సరిపోయాయి. ఇల్లంతా తిరిగి, మెట్లు రెండుసార్లు ఎక్కి దిగి, ఎడమది మడమ దగ్గర పట్టేస్తోంది, మార్చుకు రమ్మని తీర్పు చెప్పింది.

సోమవారం ఫిట్టరమ్మాయికి గుంటలో కాకుండా షెడ్డులో పని దొరికింది. ఆ వారమంతా పెద్దమ్మ, పెదనాన్న మార్చి తెచ్చిన జత వేసుకునే కూరగాయలకు వెళ్లింది. మంచి దారి వదిలేసి, నీళ్లు నిలిచిన చోటల్లా దిగి నడిచింది. వెనకే గొడుగు పట్టుకుని పెదనాన్న. ఒకరోజు సంచి మోస్తూ నేనూ వెంట వెళ్లాను.

"నొప్పుందా? నిజం చెప్పవే."

"ఉంటే ఊరుకునేదాన్నా? ఇన్నేళ్ల కాపురంలో ఏ నొప్పి మీకు చెప్పకుండా ఊరుకున్నాను?"

ఆ మాట విన్నప్పుడు ఆయన మొహంలో కనిపించినంత నిశ్చింత నేను ముందెప్పుడూ చూడలేదు.