ముల్లు తప్పినా కోణం తప్పలేదు

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు నల్గొండ జిల్లాలో, కేతేపల్లి చుట్టుపక్కల పల్లెల్లో సర్వే అమీన్‌గా పనిచేస్తున్నాను. కమ్యూనిస్టుల సంఘం పేదలకు పంచిన భూములను దొరలు మళ్లీ అడుగుతున్న రోజులవి. హద్దు తగాదా వస్తే కొలవడానికి మమ్మల్ని పంపేవారు, వెంట పోలీసులు వచ్చేవారు.

మల్లయ్య అనే రైతు చెలక, అంటే మెట్ట చేను, మాత్రం తాతలనాటిది. పోరాటం గొడవల్లో అతడు మూలనున్న హద్దురాయిని పక్కనున్న దొర భూమిలోకి జరిపాడని దొర గుమాస్తా ఫిర్యాదు. ఆ మూల నుంచి పోయే రెండు హద్దుల అవతలి కొసల రాళ్ల మీద పేచీ లేదు. మూల రాయి జరిగిందని తేలితే మల్లయ్య బావి దొరకు పోతుంది. బావి లేకపోతే ఆ చెలకలో పండేదేమీ లేదు.

రాయి దగ్గర కంపాస్ పెట్టాను. ఉత్తరం నుంచి ఒక గీత ఎన్ని డిగ్రీలు తిరిగిందో దాని ముల్లు చెబుతుంది. అక్కడి నుంచి పోయే రెండు హద్దుల దిక్కులూ నక్షాతో, అంటే పాత సర్వే పటంతో, కలవలేదు.

"చూసిండ్రా అమీన్ సాబ్? రాయి పీకి దాని జాగల పాతిపియ్యుండ్రి," అన్నాడు గుమాస్తా.

మల్లయ్య ముఖం పాలిపోయింది. "హద్దురాయిని ముట్టకుండ్రి సారూ," అన్నాడు. బావి ఊసే ఎత్తలేదు. అది నాకు వింతగా తోచింది.

మళ్లీ చూశాను. రెండు గీతలూ ఒకే వైపుకు, సమానంగా తప్పాయి. అంటే రాయి అడుగున ఇనుము ఉండి ముల్లును పక్కకు లాగుతోంది. హద్దురాయిని ఎవరూ కదపరన్న ధీమాతో దాచినట్టున్నారు. ఆ రోజుల్లో దాచే ఇనుమంటే తుపాకులే. పోలీసులు పక్కనే నిలబడి ఉన్నారు.

నక్షాలో ప్రతి హద్దూ తూర్పుకు ఎంత, ఉత్తరానికి ఎంత పోతుందో రాసి ఉంటుంది. పొడవూ దిక్కూ ఉన్న అలాంటి గీతనే వెక్టర్ అంటారు. రెండు హద్దుల్లో తూర్పును తూర్పుతో, ఉత్తరాన్ని ఉత్తరంతో గుణించి, రెండూ కలిపి, పొడవుల లబ్ధంతో భాగిస్తే కొసైన్ వస్తుంది. కొసైన్ పట్టికలో చూస్తే రెండు హద్దుల మధ్య కోణం దొరుకుతుంది. కంపాస్ చూపిన రెండు అంకెల తేడా దానికి సరిపోయింది. గొలుసుతో కొలిచిన పొడవులూ సరిపోయాయి.

"ముల్లు తప్పింది నిజమే. రెండిటికీ ఒక్కతీరుగ తప్పింది, నడిమి కోణానికి ఏం కాలే. రాయి దాని జాగలనే ఉన్నది, పీకే పని లేదు," అన్నాను. ముల్లు ఎందుకు తప్పిందని ఎవరూ అడగలేదు.

వానాకాలంలో వేరే పని మీద అటు పోయినప్పుడు, ఉండబట్టలేక ఆ రాయి దగ్గర మళ్లీ కంపాస్ పెట్టాను. ఈసారి రెండు దిక్కులూ నక్షాతో కలిశాయి, అడుగున ఇనుము లేదు. దున్నుతున్న మల్లయ్య ఎడ్లను ఆపి వచ్చాడు.

"ఇప్పుడు ముల్లు సక్కగ సూపిస్తాందా సారూ?"

"సక్కగనే సూపిస్తాంది."

తల ఊపి మళ్లీ నాగలి పట్టుకున్నాడు. దిక్కులు రెండూ తప్పినా వాటి నడుమ నిజం మిగిలి ఉంటుందని ఆ రాయి దగ్గర నేర్చుకున్నాను. బావి మీద నీళ్లు తోడే మల్లయ్య మోట అలాగే ఉంది.