చెప్పులు విడిచి ఎక్కిన కోస్టరు

“ఇయ్యాలన్నా ఎక్కి చూస్తవానే?”

“నేనెక్కితే చెప్పులెవరు చూస్తరయ్యా?”

“నేను చూస్తలే. డ్యూటీ దిగినంక సక్కగ అటే వస్త.”

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. మా ఆయన సైకిలు హ్యాండిలుకు అన్నం డబ్బా తగిలించుకుని, సారపాకలో మేముండే కిరాయి ఇంటి సందు మలుపు తిరిగిపోయాడు. మధ్యాహ్నానికల్లా ఎవరో పరుగున వచ్చి, డ్యూటీలో గుండె పట్టేసిందట, భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయారు అని చెప్పారు. నేను ఆటో ఎక్కి గోదావరి బ్రిడ్జి దాటి చేరేసరికి ఆయన లేడు.

ఆయన ఎక్కమన్నది కోస్టరు. చెప్పులేమో ఊళ్లో జనానివి. విడమర్చి చెప్పకపోతే ఎవరికీ అర్థం కాదు గనక మొదటి నుంచి చెబుతాను. మా చెల్లెలి బిడ్డ కల్లూరు నుంచి వచ్చింది, నా పక్కన కూర్చుని రాస్తోంది. నాకు సంతకం పెట్టడం, బస్సు బోర్డు కూడబలుక్కోవడం వరకే వచ్చు.

మా ఆయన వెల్డరు. కాగితం మిల్లులో కాంట్రాక్టు పని ఉన్నప్పుడు అక్కడ, లేనప్పుడు బయట గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసేవాడు. మాకు పిల్లలు లేరు. ఆదివారం చర్చి, మిగతా రోజులు పని, అంతే మా బతుకు. రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, రోడ్డు పక్కన జామాయిల్ తోట ఒకటి కొట్టించి ఒకాయన పార్కు పెట్టాడు. భద్రాచలంలో దేవుణ్ణి చూడటానికి వచ్చినవాళ్లు పిల్లలతో ఇటు కూడా వస్తారని ఆయన ఆశ. ఊయలలు, చిన్న చెరువులో పడవలు, ఇంకా ఈ రోలర్ కోస్టరు. ఇది కొత్తది కాదు. ఎక్కడో విప్పేసింది ముక్కలుగా లారీలో వచ్చింది. ముక్కలన్నీ కలిపి నిలబెట్టే పని మా ఆయనకు దొరికింది. లారీలో రావడంలోనే ఒక మలుపు నలిగిపోయింది. పెద్ద దిగుడు అయిపోగానే వచ్చే మలుపు అది. దాన్ని మా ఆయన కొత్తగా, తన చేత్తో వంచి చేశాడు.

మనుషుల్ని ఎక్కించే ముందు సిమెంటు సంచుల్లో గోదావరి ఇసుక నింపి, ఒక్కో సీటుకు రెండేసి కట్టి తిప్పేవాడు. మొదట్లో ఆ మలుపు దగ్గర సంచి పిగిలి ఇసుకంతా రాలిపోయేది. మళ్లీ కోసేవాడు, మళ్లీ వంచేవాడు, మళ్లీ అతికేవాడు. సంచి పిగలడం ఆగింది. అయినా ఆయనకు తృప్తి లేదు.

“సంచి నోరు లేనిదాయె. మనిషి భయపడాలె గని బాధ పడొద్దే. ఆ రెండిటికి తేడా సంచికేం ఎరుక?” అనేవాడు.

పార్కు తెరిచిన రోజు ఓనరు కోస్టరుకు కొబ్బరికాయ కొట్టించాడు. బండి ముక్కుకు పసుపు, కుంకుమ, పూలదండ. చక్రాల కింద నిమ్మకాయలు. హారతి చూసి ముందున్నవాళ్లు చెప్పులు విడిచి మెట్లెక్కారు. వాళ్లను చూసి వెనకవాళ్లు విడిచారు. విడవమని ఎవరూ చెప్పలేదు, విడవొద్దని కూడా ఎవరూ చెప్పలేదు. మర్నాడు కూడా అంతే. పూలదండ ఎండి రాలిపోయినా జనం చెప్పులు విడవడం మానలేదు. చర్చికి పోయేవాళ్లం మేమూ గడప దగ్గర విడిచేవాళ్లమే, మసీదుకు పోయేవాళ్లూ అంతే. అందరికీ అదే అలవాటు గనక ఎవరికీ వింతగా తోచలేదు. అక్కడ ఊడవడానికి నన్ను పెట్టుకున్నారు. ఊడవడం తక్కువ, చెప్పులు జతపరచడం ఎక్కువ అయింది నా పని. నా బొంగురు గొంతుతో “ఎవరియి వాళ్లు తొడుక్కోండి, మారిపోతయి!” అని పొద్దంతా అరిచేదాన్ని.

“అట్లయితే తిప్పలేంది పెద్దమ్మా?” అని అడుగుతోంది ఈ పిల్ల. తిప్పల ఏందంటే, ఎక్కేది ఇటు, దిగేది అటు. నడుమ కంకర. ఎండాకాలం. దిగినవాళ్లు దిగినట్టే కాళ్లు కాలుతుంటే ఎగురుకుంటూ, గుండ్రంగా తిరిగి, ఎక్కే మెట్ల దగ్గరికి ఉరికేవాళ్లు.

ఓనరు ఆఫీసు వరండాలో కూల్‌డ్రింకు తాగుతూ ఇదంతా చూసేవాడు. ఒక ఆదివారం చర్చి అయ్యాక మా ఆయన వస్తే భుజం మీద చెయ్యి వేసి అన్నాడు:

“చూసినవా మేస్త్రీ! దిగుడుతోనే మళ్ల లైన్‌కు ఉరుకుతున్నరు. ఇంక హిట్టే పో!”

మా ఆయన నా వైపు చూశాడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

“అవ్ సార్,” అన్నాడు మా ఆయన.

ఇంటికి పోతూ సైకిలు వెనక కూర్చుని ఇక ఆపుకోలేకపోయాను.

“లైన్‌కంట! చెప్పులకు ఉరుకుతున్నరని ఆయనకు చెప్పకపోతివి?”

“చెప్తే ఆ పెద్దమనిషి సంతోషం పోదా? ఉండనియ్యి.”

ఆయనా నవ్వాడు. కొంత దూరం పోయాక నవ్వు ఆగిపోయింది. తొక్కుతూనే అడిగాడు:

“మరి నా బండి మంచిగైందా, కాలేదా? ఎట్ల తెలుస్తదే?”

అప్పటి నుంచి అదే పట్టుకున్నాడు. అరుపులు లెక్కలోకి రావన్నాడు, సూది గుచ్చినా మనిషి అరుస్తాడు కదా అని. దిగాక నవ్వితే బతికి బయటపడ్డ నవ్వు అన్నాడు. చివరికి తనే ఒక పద్ధతి కనిపెట్టాడు. ఉరికొచ్చినవాళ్లు చెప్పులు తొడుక్కున్నారా, తొడుక్కోకుండా మళ్లీ లైన్లో నిలబడ్డారా? నిలబడ్డవాళ్లకే బండి నచ్చినట్టు. అది చూసే పని నాకు అప్పగించాడు.

నేను చూసి వచ్చి చెబితే దేన్నీ ఒప్పుకునేవాడు కాదు.

“పిల్లలు నిలబడ్డరయ్యా.”

“పిల్లలు ఎడ్లబండైనా మళ్ల ఎక్కుతరు. వాళ్లను తీసెయ్.”

“కొత్తగ పెండ్లయినోళ్లు నిలబడ్డరు.”

“వాళ్లు చేతులు పట్టుకునేతందుకు ఎక్కుతరే. బండి ఎట్లున్నా వాళ్లకేంది?”

ఒకరోజు అడవి ఊరి నుంచి సంతకు వచ్చిన ముసలమ్మ ఒకామె ఎక్కింది. దిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నాకు రాని మాటలో ఏదో అని, చాలాసేపు నవ్వింది. తర్వాత సంచి నెత్తిన పెట్టుకుని తన దారిన తాను పోయింది. ఇది గట్టి సాక్ష్యమని ఆయనకు చెప్పాను.

“చెప్పులు తొడుక్కున్నదా?”

“ఆమెకు చెప్పులే లేవయ్యా.”

తల పట్టుకుని కూర్చున్నాడు. “గామెను ఏ లెక్కల వెయ్యాలె?” అన్నాడు. నాకు ఇప్పటికీ ఆ మొహం గుర్తొస్తే నవ్వొస్తుంది.

ఇక లాభం లేదని నన్నే ఎక్కమనడం మొదలుపెట్టాడు. “నువ్వే ఎక్కరాదు? నీ చేత్తో చేసిందే గదా,” అన్నాను. “నేను ఎక్కిన. ఎక్కితే నాకు అతుకులే కనబడ్తున్నయి. ఇది ఇప్పుడొస్తది, అది ఇప్పుడొస్తదని పళ్లు బిగబట్టుకుని కూసుంట. నాకేం తెలుస్తది?” అన్నాడు. “మరి నేను మంచిగున్నదంటే నమ్ముతవా?” అన్నాను. “నమ్ముత. నీకు మెచ్చుకునుడు రాదు. నోరు తెరిచి మంచిదన్నవంటే మంచిదే,” అన్నాడు. రోజూ ఏదో ఒక పని అడ్డం వచ్చేది. జనం తగ్గాక అనుకునేదాన్ని. జనం తగ్గేసరికి పార్కు మూసే వేళయ్యేది.

అప్పుడే ఆ పొద్దు వచ్చింది. మొదట చెప్పిన మాటలు అప్పటివి.

సమాధి కార్యక్రమం అయింది. కల్లూరు వాళ్లు కల్లూరు పోయారు, చర్చివాళ్లు వంతులేసుకుని వచ్చి ప్రార్థన చేసిపోయారు. తర్వాత ఇంట్లో నేనూ, మిల్లు సైరనూ మిగిలాం. షిఫ్టు దిగే సైరను కూయగానే పొయ్యి మీద ఎసరు పెట్టేదాన్ని. పెట్టాక గుర్తొచ్చేది. ఆ ఎసట్లో ఒక్కదానికి ఎన్ని బియ్యం పొయ్యాలో చాలా రోజులు నాకు చేతి అందాజు కుదరలేదు. మాట్లాడటానికి మనిషి లేక గొంతు ఇంకా బొంగురు పోయింది. మళ్లీ పార్కు పనికే పోయాను. అక్కడైతే చెప్పుల గురించి అయినా అరవొచ్చు కదా.

ఒకరోజు మధ్యాహ్నం ఎండకు ఒక్క మనిషీ రాలేదు. కోస్టరు నడిపే భాయ్ గేటు దగ్గర కునుకు తీస్తున్నాడు. పెద్దాయన, ఖమ్మంలో బస్సు నడిపి మానేసి వచ్చినవాడు. నేను మెట్ల కింద చెప్పులు విడిచాను.

“భాయ్, నేనెక్కుత.”

కళ్లు తెరిచి నన్ను చూశాడు.

“ఎక్కు చెల్లె. గని ఒక్క మనిషిని కూసోబెట్టొద్దని మేస్త్రీ చెప్పిండు. బరువు ఒక దిక్కే ఉంటే మలుపు కాడ గుంజుతదంట. పక్కన ఎవరన్న ఉండాలె.”

“నా పక్కన ఎవరున్నరు భాయ్?”

అతను షెడ్డు మూలకు పోయి ఇసుక సంచి ఒకటి మోసుకొచ్చాడు. నా పక్క సీట్లో పెట్టి, తాడు కట్టి, కడ్డీ దింపాడు. సంచి మూతికి వెల్డింగు తీగ మెలితిప్పి ఉంది. ఎడమచేతి మెలిక. మా ఆయన ఎడమచేతివాటం మనిషి. మా ఇంట్లో ఉప్పు సంచికైనా, దండెం తాడుకైనా అదే మెలిక.

బండి కదిలింది. గొలుసు టకటకమని పైకి లాగుతుంటే నేను కడ్డీ పట్టుకోవడం మర్చిపోయి సంచిని పట్టుకున్నాను. పైకి పోయాక గోదావరి కనిపించింది. బ్రిడ్జి కనిపించింది, ఆ రోజు ఆటోలో దాటిన బ్రిడ్జే. మిల్లు పొగగొట్టం కనిపించింది. ఆ తర్వాత కింద ఏమీ లేనట్టయింది. అరిచాను. ఇన్ని రోజులు ఇంట్లో అరవలేని అరుపంతా అప్పుడు అరిచాను. వినేవాడు భాయ్ ఒక్కడే.

ఆ మలుపు వచ్చింది. తల ఎక్కడ కొట్టుకుంటుందో, నడుము ఎక్కడ విరుగుతుందో అని బిగబట్టుకున్నాను. ఏమీ కాలేదు. రాత్రి బస్సులో పక్కన నిద్రపోయే మనిషి భుజం మీదికి ఒరిగినట్టు ఇసుక సంచి నా మీదికి ఒరిగింది. కాసేపు అట్లాగే ఉంది. మలుపు తిరిగాక మళ్లీ నిటారుగా కూర్చుంది. అతుకు ఎక్కడుందో నాకు తెలియనే లేదు. భయం మాత్రం కడుపు నిండా వేసింది.

అటువైపు దిగాను. కంకర కాలింది. నేనూ అందరిలాగే ఎగురుకుంటూ తిరిగి వచ్చాను. మెట్ల కింద నా చెప్పులు ఒక్క జతే ఉన్నాయి. చూస్తానన్న మనిషి లేడు. వాటిని అక్కడే ఉండనిచ్చి, లైను కోసం పాతిన ఇనుప పైపుల మధ్యకు పోయి నిలబడ్డాను. నా ముందు ఎవరూ లేరు, వెనకా ఎవరూ లేరు.

“ఏంది చెల్లె, చెప్పులు తొడుక్కోవా?” అన్నాడు భాయ్.

“తొడుక్కోను భాయ్. ఇంకొకసారి తిప్పు.”

అంతే జరిగింది. అయితే నేను తెచ్చిన జవాబు అడిగినవాడికి చెప్పుకోవాలి కదా. ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పేవాళ్లు లేవండి అని పాస్టరుగారు అంటే లేచాను. దేవుడు చేసిన మేలు చెప్పాల్సిన చోట కోస్టరు మలుపు సంగతి ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. అందరూ నా ఏడుపు కోసం ఎదురుచూస్తున్నారు. “దేవునికి స్తోత్రం” అని కూర్చున్నాను.

పార్కు ఎక్కువ కాలం నిలవలేదు. వానాకాలంలో జనం రాలేదు, మరుసటి ఎండాకాలానికి పడవల చెరువు ఎండిపోయింది. కోస్టరును మళ్లీ ముక్కలుగా విప్పి లారీకి ఎక్కించారు. ఎక్కడికి పోయిందో తెలియదు. ఇసుక సంచుల్లో ఒకటి నేను అడిగి తెచ్చుకున్నాను. అది మా తలుపు వెనక ఉంది. ఇప్పటికీ ఆ జాగా మీదుగా ఆటోలు పోతుంటే జనం అంటారు, ఇక్కడ ఒక కోస్టరు ఉండేది, ఫెయిలయింది, ఎత్తేశారు అని. పార్కు ఎత్తేశారు, నిజమే. కోస్టరు ఫెయిలైందంటే మాత్రం నేను ఒప్పుకోను. పిల్లల్ని తీసెయ్యండి, కొత్త జంటల్ని తీసెయ్యండి, చెప్పులు లేని ఆ ముసలమ్మను ఏ లెక్కలో వేస్తారో వెయ్యండి. నేనున్నాను. మెచ్చుకోవడం రాని దాన్ని, చెప్పులు విడిచిన చోటే వదిలేసి రెండోసారి ఎక్కాను.

ఇదంతా రాసినవా బిడ్డా? ఏదీ, ఒకసారి చదువు. నడిమిట్ల నుంచి కాదు, మీ పెదనాయిన అడిగిన కాడి నుంచి చదువు. జర గట్టిగ చదువు, ఆ తలుపు వెనక దాక వినబడాలె.