లాక్ వెయ్యకుండా దాటాలని

టెక్కలి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, వైజాగ్‌లో పార్ట్‌టైం పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. రెండు వేలు దాటి ఏడెనిమిదేళ్లయి ఉంటుంది. నీ టాపిక్ ఏటమ్మా అని అడిగినవాళ్లందరికీ చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. మా ఆయనకి మాత్రం ఓపిగ్గా చెప్పాను. ఆయన నాకు మేనత్త కొడుకే, ఉద్దానంలో జీడితోట చూసుకుంటాడు, పెళ్లయినా బావ అనే పిలుపు పోలేదు.

"ఇద్దరు తోడికోడళ్లున్నారనుకో బావా. వంటింట్లోకి ఒకసారికి ఒక్కర్తే వెళ్లాలని అత్త రూలు పెట్టింది. ఒకర్తి గడియ పెట్టుకుని కొబ్బరి కోరుతుంటే, రెండోది పొయ్యి వెలిగించడానికి బయట నిలబడి చావాలి. ఒకర్తికొకర్తి అడ్డమే లేదు, అయినా గడియే. కంప్యూటర్లో దాన్నే లాక్ అంటాం. గడియ మానేసి ఇద్దర్నీ వెళ్లనిద్దాం అంటాన్నేను. ఇద్దరూ ఒకే గిన్నె మీద చెయ్యేస్తేనే, ఒకర్తిని అసలు లోపలికే రానట్టు వెనక్కి తెచ్చేసి, అప్పుడు గడియ పెట్టిద్దాం."

"సేసిన వంట సేయనట్టు ఎలాగవుద్దే?"

"అలా చెరిపెయ్యగలిగే చిప్పు వేరే ఉంటుంది."

"గడియ లేని వంటిల్లంటే మాయమ్మ ఒప్పదు" అని పకపకా నవ్వాడు.

ఆ చిప్పు అమ్మకానికి లేదు. ఎక్కడో విదేశంలో ఒక కంపెనీ ఇంకా తయారుచేస్తోంది, పరీక్షల కోసం నమూనా మిషన్ ఒకటి నడుపుతోంది. మా గైడ్ గారు ఎవరెవర్నో బతిమాలి దాంట్లో నాకు అకౌంట్ ఇప్పించారు. అప్పటికి నా రిజిస్ట్రేషన్‌కి ఆఖరి ఏడాది, పొడిగింపులు కూడా అయిపోయాయి. "నీ పద్ధతి ఆ మిషన్ మీద మామూలు లాక్ కంటే వేగంగా నడిచిందని చూపించమ్మా, థీసిస్ మీద సంతకం పెడతాను. చూపించలేకపోతే నేనేం చెయ్యలేను" అని తేల్చేశారు. లేచి వచ్చేస్తుంటే వెనక్కి పిలిచి, "ఎన్నిసార్లు లాక్ లేకుండా దాటిందో లెక్క కూడా ఉండాలి. లేకపోతే ఎవడు నమ్ముతాడు?" అన్నారు. నిజమే కదా అనుకున్నాను. ఆ లెక్కను ప్రోగ్రాంలోనే పెట్టాను.

మా కాలేజీ నెట్‌ని నమ్ముకుంటే అంతే సంగతులు. అందుకే సాయంత్రం బస్సెక్కి పలాస వచ్చి, కాశీబుగ్గలో నెట్ సెంటర్లో కూర్చునేదాన్ని. బావ స్కూటర్ మీద వచ్చి పక్క కుర్చీలో కునుకు తీసేవాడు. ప్రోగ్రాం పంపిస్తే మర్నాటికి ఫలితం వచ్చేది.

మొదటి ఫలితం వచ్చింది. మామూలు లాక్ కంటే నాదే నెమ్మది! ఇందులో ఒక జబ్బు ఉందని నాకు ముందే తెలుసు. నలుగురైదుగురు తోడికోడళ్లుంటే, ఒకర్తి ఓడిపోయి గడియ పెట్టుకుందంటే చాలు, లోపలున్న మిగతావాళ్లందరూ బయటికొచ్చి పడతారు. ఆ కంగారులో వాళ్లూ వరసగా గడియల మీదే పడతారు. ఇంక ఎవరూ గడియ లేకుండా వెళ్లే మాటే ఉండదు. అందుకని గడియ తీసేదాకా ఆగి, తీశాకే మళ్లీ ఉత్తినే వెళ్లి చూడమని రాశాను. కాస్త నయమైంది, అంతే. ఎన్నిసార్లు ప్రయత్నించాక గడియ పెట్టుకోవాలో మార్చి చూశాను. పని ముక్కలు చేసి చూశాను. ఏం చేసినా ఆ దిక్కుమాలిన మిషన్ ఢీ కొట్టుకున్నారు, ఢీ కొట్టుకున్నారు అనే చెప్పేది. గైడ్ గారు ఫోన్లో "చూడమ్మా, చూడు" అనడం కూడా తగ్గించేశారు. నాకు అన్నం సయించేది కాదు. బావ కంచం ముందు కూర్చోబెట్టి తినేదాకా లేవనిచ్చేవాడు కాదు.

ఒకరోజు టెక్కలి నుంచి వస్తూ, బస్సులో ప్రోగ్రాం కాగితాలు ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాను. తటాలున తట్టింది. లెక్క! పని చేసినవాళ్లందరూ చివర్లో పెంచేది ఒకటే లెక్క. తోడికోడళ్లు ఏ గిన్నె దగ్గరా తగువు పడకపోయినా, పోయేముందు ఇద్దరూ గోడ మీద ఒకే చోట గీత గియ్యాలని పెట్టింది నేనే. అక్కడే ఢీ. గొడవ లేదని చూపించడానికి పెట్టిన లెక్కే గొడవంతా చేస్తోంది. ఛీ, నా తెలివి తెల్లారినట్టే ఉంది! బస్సులోనే పైకి నవ్వేశాను. పక్కనున్న ముసలమ్మ "ఏటైందమ్మా?" అని జరిగి కూర్చుంది.

ఎవరి లెక్క వాళ్లకే విడిగా ఉండేలా రాయడం ఎంతసేపు? నెట్ సెంటర్లో కూర్చుని రాసేశాను. లాగిన్ అవుదామంటే అవలేదు. పాస్‌వర్డ్ తప్పు కొట్టానేమో అని మళ్లీ కొట్టాను. "ఇందాక కరెంటు పోయొచ్చింది, దానికేమో సూడు" అన్నాడు బావ. గైడ్ గారికి ఫోన్ చేశాను.

"మెయిల్ చూడలేదా? ఆ చిప్పు తయారీ మానేశారమ్మా. మిషన్ తీసేశారు."

"సార్, తప్పు దొరికింది సార్. ఒక్క రన్ చాలు."

"నువ్వన్నది సరైందే అయ్యుండొచ్చు. ఎక్కడ నడిపి చూపిస్తావు?" అన్నారు.

అలాంటి మిషన్ ఇంకోటి నాకు అందే చోట ఎక్కడా లేదు. గడువు దాటిపోయింది, రిజిస్ట్రేషన్ రద్దయింది. అలాంటి చిప్పులు బజార్లోకి వచ్చాయని చాలా ఏళ్ల తర్వాత విన్నాను. ఇంకెవరికి కావాలి?

రద్దయ్యాక ఒక ఆదివారం, కాలేజీ ల్యాబ్‌లో మామూలు కంప్యూటర్ మీద ఆ ప్రోగ్రాం నడిపాను. ఎందుకు నడిపానో నాకే తెలీదు. చెరిపెయ్యగలిగే ఆ చిప్పు లేని మిషనైతే లాక్ వేసుకునే పని చేసుకోమని దానికి ముందే రాసి పెట్టాను. బావ నా వెనకాల నిలబడి స్క్రీన్ చూస్తున్నాడు. అది బుద్ధిగా ప్రతిసారీ లాక్ వేసుకుని, ఒక్క తప్పు లేకుండా పని ముగించింది.

"పూర్తయిందని వచ్చింది కదే! పని సేత్తందన్నమాట!" అని భుజం తట్టాడు.

"సేత్తంది బావా" అన్నాను. అందరి ప్రోగ్రాముల్లాగే, గడియ పెట్టుకునే. అతని సంతోషం చూసేసరికి ఇంక ఏడుపు ఆగలేదు.

"ఏటే, ఆడింది కదా" అన్నాడు బావ, ఏమీ తోచక. "మరెందుకే ఏడుత్తావు?"