ఆరో నంబరు మొక్క

నీళ్ళక్క అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనిపించదు. పదకొండేళ్ళుగా ఓ అంతరిక్ష పరిశోధనశాలలో మొక్కలకు నీళ్ళు పోయడమే ఆమె ఉద్యోగం. "మా ఆవిడ అంతరిక్షంలో పనిచేస్తుంది" అని భర్త కనిపించినవాళ్ళందరికీ చెప్పి మురిసిపోతాడు. నిజానికి ఆమె పని నేల మీదే, కిటికీ కూడా లేని ఓ ఇరుకు గదిలో.

భూమి చుట్టూ తిరిగే ప్రయోగశాలలో ఆరు గోధుమ మొక్కలున్నాయి. ఈ గదిలో వాటికి జోడీగా మరో ఆరు. పైన వాటికేం జరిగితే రెండు రోజుల తర్వాత ఇక్కడా అచ్చంగా అదే జరగాలి. అంతే వెలుగు, అంతే వేడి, అన్నే చుక్కల నీళ్ళు. అప్పుడు గానీ తేడా బరువు లేకపోవడం వల్ల వచ్చిందో, ఇంకోదాని వల్లో తేలదు. పైవాళ్ళు పొరపాటు చేస్తే ఇక్కడా ఆ పొరపాటే చేయాలి. ఇదేం చోద్యమమ్మా అని ఆమె మొదట్లో నవ్వుకునేది.

ఈసారి నవ్వు రాలేదు. పైన పంపు మొరాయించి మూడు రోజులు నీళ్ళు ఆగిపోయాయి. కాబట్టి ఇక్కడా మూడు రోజులు చుక్క పోయకూడదు. మొదటి రోజు పళ్ళ బిగువున ఓర్చుకుంది. రెండో రోజు సాయంత్రానికి ఆరో నంబరు మొక్క తల వేలాడేసింది. ఆమె ప్రాణం ఉసూరుమంది. సిరంజి నింపి, ఎవరూ చూడకుండా దాని వేళ్ళ దగ్గర పోసేసింది.

మర్నాడు పొద్దున సైంటిస్టమ్మ వచ్చింది. నీళ్ళక్క వయసులో సగం ఉంటుందేమో. ఐదు మొక్కలు సోలిపోయి ఉన్నాయి, ఆరోది మాత్రం నిక్కి నిలబడింది.

"చూశారా అక్కా! పైన ఒక్కటీ తట్టుకోలేదు, ఇక్కడ ఒకటి తట్టుకుంది. ఇది పెద్ద విషయమే!"

నీళ్ళక్క నోరు మూసుకుంటే గండం గడిచినట్టే, ఉద్యోగం పదిలం. కానీ ఆ పిల్ల అప్పుడే పుస్తకం తెరిచి రాయబోతోంది. ఆ రాతను రేపు ఎంతమంది నమ్ముతారో!

"రాయకు తల్లీ. దానికి నేనే నీళ్ళు పోశా. నిన్న సాయంత్రం. చూడలేకపోయా."

ఆ అమ్మాయి రాయబోయిన చేయి ఆపేసింది. "మిగతావాటికి?" అంది.

"లేదు. పొయ్యాలనే ఉంది."

"ఇవాళ కూడా పొయ్యకూడదు అక్కా."

"అయితే ఈ గది తాళంచెవి నువ్వే పెట్టుకో. నన్ను నేనే నమ్మలేను."

"వద్దు. పోశానని చెప్పే మనిషి దగ్గరే ఉండాలి అది."

ఆరో మొక్కను లెక్కలోంచి కొట్టేసి ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. నీళ్ళక్క మిగిలిన ఐదింటి ముందు స్టూలు వేసుకుని సాయంత్రం దాకా కూర్చుంది. ఏడ్చింది గానీ, చుక్క పోయలేదు.