మధ్యాహ్నం తడిసిన స్లాబు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే రకం నేను. అసలే ఒక చోట కుదురుగా కూర్చోలేను. అలాంటివాణ్ణి ఇది రాస్తున్నానంటే నాకే చిరాగ్గా ఉంది.

రాష్ట్రం విడిపోయిన మరుసటి వేసవిలో అరసవల్లి శివార్లలో ఇల్లు మొదలుపెట్టాను. కాంట్రాక్టరుకి అప్పగించే స్తోమత లేదు. నాతో బడిలో చదివిన ఇద్దరు అండగా నిలబడ్డారు. అప్పన్న తాపీమేస్త్రీ, మద్రాసులో పెద్ద పెద్ద అంతస్తుల మీద పని చేస్తాడు. సూరి కరెంటు పని చేస్తాడు, ఊళ్ళోనే ఉంటాడు. అప్పన్న సెలవు మీద వచ్చి గోడలు లేపాడు, స్లాబు పోయించాడు. మర్నాడు దాని మీద మడులు కట్టి నీళ్ళు నింపి, ఆ సాయంత్రమే రైలెక్కాడు.

ఎక్కుతూ ఒకే మాట చెప్పాడు. "మూడు పూటలా నీళ్ళు పొయ్యాలిరా. మద్దేన్నం మడి ఎండిందంటే స్లాబు బీటలిచ్చేస్తాది."

పోస్తానన్నాను. నేను ఆమదాలవలసలో రైస్ మిల్లు గుమస్తాని. ఉదయం, సాయంత్రం కింద తొట్టిలోంచి బిందెలతో మోసి పోసేవాణ్ణి. మధ్యాహ్నం మాత్రం రాలేకపోయేవాణ్ణి. నా భార్య పురిటికి గజపతినగరంలో పుట్టింటికి వెళ్ళింది. మిల్లులో కూర్చున్నానన్న మాటే గానీ ప్రాణమంతా స్లాబు మీదే. పుట్టిన బిడ్డని ఆ కప్పు కిందకే తేవాలి మరి.

చిత్రం ఏమిటంటే, సాయంత్రం వెళ్ళేసరికి మడులు నిండుగా ఉండేవి. ఆ ఎండల్లో పొద్దున పోసిన నీళ్ళు అలా నిలవవు. సూరి పోస్తున్నాడేమో అనుకుంటే వాడు కాదన్నాడు. నాలుగో రోజు సాయంత్రం చూస్తే ఈశాన్యం మూల మడిగట్టు తెగి, ఆ గండిలో తడి గోనెసంచి కుక్కి ఉంది. అది నా పని కాదు.

ఎదురింటి మామ్మని అడిగాను.

"మీ మేస్త్రీయే కదా బాబూ, రోజూ మద్దేన్నం వస్తన్నాడు. పలకరిస్తే పలకడు. ఏటి, మా మీద కోపమేటి?"

మా మేస్త్రీ మద్రాసులో ఉన్నాడు కదా! వెంటనే అప్పన్నకి ఫోన్ చేశాను. మామ్మ మాటా, గోనెసంచి మాటా ఎత్తకుండా, బాగున్నావా అని మాత్రం అడిగాను.

"ఏటి బాగు? అన్నం తిని ఇలా కునుకు తీస్తే సాలు, కల్లో నీ స్లాబు మీదే ఉంటన్నానురా. బిందెలు మోసి మోసి సేతులు లాగేస్తన్నాయి. ఇవాళ మూల గట్టు తెగిపోతే గోనె కుక్కినాను. లేసి పనికెళ్తే కళ్ళు మూతలు పడిపోతన్నాయి. ఇందాక పరంజా మీద కాలు జారిపోయినాది. పక్కోడు పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది."

వాడు నవ్వుతూనే చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. నా నిర్లక్ష్యం వాడి ప్రాణం మీదికి తెచ్చిందని సిగ్గేసింది, భయమేసింది.

మర్నాడు మిల్లు షావుకారు సెలవివ్వనన్నాడు. ఇవ్వకపోతే పోనీ అని బండి తీశాను. పన్నెండున్నరకి స్లాబు ఎక్కాను. నిచ్చెన మెట్లు తడిగా ఉన్నాయి. పైన ఎవరూ లేరు. రెండు మడులు నిండి ఉన్నాయి, మిగతావి ఎండి తెల్లబడ్డాయి. మూడో మడి దగ్గర సగం నీళ్ళతో బిందె. దాని చుట్టూ తడి పాదాల గుర్తులు ఆరిపోతున్నాయి.

"ఇక నేను పోసుకుంటాన్రా. నువ్వు పడుకో," అని పైకే అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు. బిందె ఎత్తి మిగతా మడులన్నీ నింపాను.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం నేనే పోశాను. మామ్మకి మరెవరూ కనబడలేదు. ఆవిడకి చూపు ఆనదంటాడు సూరి. మరి గోనెసంచి సంగతేమిటంటే మాట మార్చేస్తాడు. చచ్చినవాడైతే దయ్యమని సరిపెట్టుకునేవాణ్ణేమో. మనిషి నిక్షేపంలా బతికే ఉన్నాడు. ఎంత ఆలోచించినా నాకు తెగలేదు.

నేను మొదటిసారి మధ్యాహ్నం పోసిన రోజు సాయంత్రం అప్పన్నే ఫోన్ చేశాడు. "ఇవాళ ఆదమరిచి నిద్రపోయినాన్రా. నీ స్లాబు కల్లోకి రానేదు. ఎవుడో పడుకోమన్నట్టు వినబడినాది, అంతే."

ఆ ఎవడో నేనేనని ఇంతవరకూ వాడికి చెప్పలేదు.