ఒంటి చేత్తో పాలక్యాను

మొన్న వేసవిలో బేతమంగళలో చిన్నమ్మ ఇంటికి వెళ్లి, ఆమె ఎనిమిదేళ్ల కూతురు రమ్యకు బుల్లి డంబెల్స్ ఎత్తడం నేర్పిస్తున్నాను. చిన్నమ్మ చూసి అరిచింది.

"బరువులెత్తితే బిడ్డ పొట్టిగా నిల్చిపోతాది! తీసి ఆ పక్కన పెట్టు."

నాకు చర్రుమంది. "పద్ధతిగా ఎత్తితే ఏమీ కాదు, చూడు!" అంటూ డెయిరీకి వెళ్లాల్సిన నిండు పాలక్యానును ఒక చేత్తో లేపాను. రెండో చేతిలో ఫోన్‌తో నన్ను నేనే వీడియో తీసుకుంటున్నాను. క్యాను జారింది. పాలన్నీ నా మీదే. ఇక రమ్య డంబెల్స్ అటకెక్కినట్టే అనుకున్నాను.

"అక్కా, మోకాళ్లు వంచి, రెండు చేతుల్తో ఎత్తాలని నువ్వే చెప్పినావు కదా!" అంది రమ్య.

చిన్నమ్మ కోపం మరిచి పకపకా నవ్వింది. "నీకంటే ఇదే బాగా నేర్చుకునింది! ఎత్తనీలే. నీకూ ఇదే నేర్పిస్తాది."

ఇప్పుడు కోపమొస్తే ముందు ఆ వీడియో చూసుకుంటాను.