నేను మార్చి చెప్పిన మాట

ఈ మాట ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

నెల్లూరు వైపు పోర్టులో ఒక షిప్పింగ్ ఏజెంటు దగ్గర పనిచేసేవాణ్ణి. వచ్చిన ఓడ ఎక్కి, కెప్టెన్‌కి కావలసినవి చూసి, సరుకు ఎక్కించి పంపడం నా పని. ఆ రోజు కొలంబో ఓడలోకి బియ్యం ఎక్కుతున్నాయి. అక్కడ బియ్యానికి కటకటగా ఉన్న రోజులు. గేటు బయట లారీలు బారులు తీరాయి. రేవులో చోటు కోసం ఇంకో ఓడ సముద్రంలోనే కాచుకుని ఉంది.

ఓడలో వంటమనిషి సెల్వం. జాఫ్నా వైపువాడు, అరవం తప్ప మరో భాష సరిగా రాదు. కెప్టెన్‌ది వేరే దేశం, అరవం రాదు. మా అమ్మది పులికాట్ కాబట్టి నాకు వచ్చు. వంటగది గడపలో కూలబడి సెల్వం నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, రొమ్ములో పిండేస్తా ఉంది. ఎడమ చెయ్యి లాగేస్తా ఉంది. ఆస్పత్రికి పంపమని చెప్పన్నా," అన్నాడు అరవంలో.

"ఏమంటున్నాడు?" కెప్టెన్ నన్నడిగాడు.

ఆస్పత్రి అంటే డాక్టరు రావాలి, మనిషిని దించడానికి అనుమతులు కావాలి, ఓడ ఆగిపోతుంది, మా ఓనరు నన్ను నిలబెట్టి కడిగేస్తాడు, ఇదంతా రెప్పపాటులో నా బుర్రలో తిరిగింది. తెలియక చేశానా? కాదు. ఎడమ చెయ్యి అన్నప్పుడే అర్థమైంది. మా నాన్న పోయింది అలాగే.

"తిన్నది అరగలేదంట. మాత్ర వేస్తే తగ్గిపోతుంది," అన్నాను ఇంగ్లీషులో.

సెల్వం కళ్లు మూసుకుని తల ఊపాడు. తను అన్నదే నేను చెప్పానని నమ్మాడు.

ఓడ అనుకున్న వేళకే కదిలింది. ఓనరు భుజం తట్టాడు. కొలంబో చేరకముందే సెల్వం పోయాడని తర్వాత తెలిసింది.

కొన్నాళ్లకు అతని భార్య ఆఫీసుకి ఫోన్ చేసింది. అరవం వచ్చినవాణ్ణని నాకే ఇచ్చారు.

"మీ రేవులో బాగానే ఉండినాడా అన్నా? ఏమైనా చెప్పినాడా?"

"బాగానే ఉన్నాడమ్మా. ఏమీ చెప్పలేదు."

"సరే అన్నా. అయితే కష్టపడకుండానే పోయినాడు," అంది.

ఆ ఉద్యోగం మానేశాను. అమ్మతో కూడా ఇప్పుడు తెలుగులోనే మాట్లాడతాను. ఎందుకురా అంటుంది. నవ్వేసి మాట మారుస్తాను. పంపి ఉంటే బతికేవాడా? ఏమో. ఆ 'ఏమో' వెనకే ఇన్నేళ్లూ దాక్కున్నాను. ఓడ ఒక పూట ఆగితే ఎవరి అన్నం ఆగేది?

అతను ఆస్పత్రికి పంపమన్నాడు. నేను అరగలేదన్నాను. నా నోటితో ఇది చెప్పడం ఇదే మొదలు. మీరేమీ అనకండి. విన్నారు, చాలు.